అర్థమవుతున్నది అందరికా, నాకొక్కదానికేనా? మైల్‌స్టోన్ ట్రాకర్ యాప్ ఏడాది వాడాక

మా మనవడికి మూడేళ్ళు నిండి ఒక నెల అయినప్పుడు మా అమ్మాయి నా ఫోన్‌లో ఈ యాప్ వేసి పెట్టింది. పగలంతా వాడు నా దగ్గరే ఉంటాడు. అమ్మాయీ అల్లుడూ ఆఫీసు నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది. "రోజంతా వాడేం చేస్తాడో నీకే కదమ్మా తెలిసేది, నువ్వే నింపు" అంది. ఇప్పుడు వాడికి నాలుగేళ్ళు దాటాయి. ఏడాదికి పైగా వాడాను కాబట్టి ఇందులో ఏది పనికొచ్చిందో, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో చెప్పగలను.

యాప్ పేరు సీడీసీ మైల్‌స్టోన్ ట్రాకర్. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ తయారు చేసింది. డబ్బు కట్టక్కర్లేదు. రెండు నెలల పసిపిల్లల నుంచి ఐదేళ్ళ పిల్లల వరకు, ఆ వయసుకు పిల్లలు ఏమేం చేయగలగాలో (వాటినే మైల్‌స్టోన్లు అంటారు) ఒక్కో వయసుకు ఒక్కో జాబితా ఉంటుంది. పుట్టిన తేదీ ఇస్తే ఆ వయసు జాబితా వస్తుంది. ఒక్కో అంశానికి మూడు జవాబులు: అవును, కచ్చితంగా తెలియదు, ఇంకా లేదు. అంశం అర్థం కాకపోతే చూసుకోవడానికి ఫొటోలు, చిన్న చిన్న వీడియోలు పెట్టారు. పెన్సిల్‌ని పిడికిట్లో పట్టుకోవడానికీ వేళ్ళ మధ్య పట్టుకోవడానికీ తేడా ఏమిటో నాకు అలా చూశాకే తెలిసింది.

మొదటిరోజు పది నిమిషాల్లో అన్నింటికీ "అవును" నొక్కేశాను. ఇద్దరు పిల్లల్ని పెంచినదాన్ని, వీడిని పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదాన్ని, ఆలోచించాల్సిన పనేముంది అనుకున్నాను. చూపిస్తే గుండ్రం గీస్తాడా? గీస్తాడు. వదులుగా ఉన్న బట్టలు తనే వేసుకుంటాడా? వేసుకుంటాడు. పెద్ద పూసలు దారానికి గుచ్చుతాడా? అదీ చేస్తాడు. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎందుకు అని అడుగుతాడా? ఊపిరి తీసుకోనివ్వడు. చాలావరకు ఇతరులకు అర్థమయ్యేలా మాట్లాడతాడా? అవును.

రాత్రి అమ్మాయి నా జవాబులు చూస్తూ అక్కడ ఆగింది. "ఇతరులకు అంటే నీకు కాదమ్మా. బయటివాళ్ళకి."

నేను ఒప్పుకోలేదు. వాడు మాట్లాడితే అర్థం కాకపోవడమేమిటి?

మర్నాడు పక్కింటావిడ వచ్చింది. వాడు తన లారీ పట్టుకుని ఆవిడ దగ్గరికి పరిగెత్తాడు. "నా ఆయీ అక్కం ఓయింది" అన్నాడు. ఆవిడ నవ్వి, నా వైపు తిరిగి "ఏమంటున్నాడండీ?" అంది. "నా లారీ చక్రం పోయింది అంటున్నాడు" అని చెప్పాను. చెప్పాక గుర్తొచ్చింది, ఆవిడ ఆ మాట అడగడం అది మొదటిసారి కాదు. ఎవరొచ్చినా వాడు మాట్లాడతాడు, వాళ్ళు నా వైపు చూస్తారు, నేను చెబుతాను. రెండేళ్ళుగా అదే జరుగుతోంది. వాడికీ బయటివాళ్ళకీ మధ్య నేను దుబాసీలా నిలబడ్డానన్న సంగతి నాకే తెలియలేదు.

ఆ సాయంత్రం మళ్ళీ యాప్ తెరిచి "అవును" తీసేసి "ఇంకా లేదు" నొక్కాను. వేలు వణికింది. ఎందుకంటే అంతకు ఏడాది ముందు నుంచీ అమ్మాయి "వీడి మాట స్పష్టంగా రావట్లేదేమో" అన్నప్పుడల్లా "వాళ్ళ మేనమామ కూడా ఇంతే, మూడున్నర దాటాకే మాటలు కుదిరాయి" అని నోరు మూయించింది నేనే.

అందుకే ఈ యాప్ గురించి నేను మొదట చెప్పేది: గుర్తున్నంత మేరకు నింపకండి. ఒక వారం పెట్టుకోండి. రోజుకు రెండు మూడు అంశాలు చూసి, ఆ రోజు మీ కళ్ళతో చూసినదానికే జవాబు ఇవ్వండి. మనం పిల్లల్ని ఎంత బాగా ఎరిగుంటే అంత తొందరగా "అవును" అనేస్తాం.

ఈ జాబితాలను 2022లో సీడీసీ, అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కలిసి మార్చాయి. అంతకుముందు ఆ వయసు పిల్లల్లో సగం మంది చేసే పనులు రాసేవారట. సగం మందే చేసే పని మన పిల్లవాడు చేయకపోతే ఏముంది, మిగతా సగంలో ఉన్నాడులే అనుకుని ఆగిపోతాం. ఇప్పుడు నూటికి కనీసం 75 మంది చేసే పనులనే ఆ వయసు కింద పెడుతున్నారు. అంటే "ఇంకా లేదు" అని పడితే భయపడిపోనక్కర్లేదు గానీ, పక్కన పెట్టేయకూడదు. డాక్టర్‌ని అడగాలి. కొన్ని అంశాలు మరీ ఆలస్యపు వయసులో పెట్టారని స్పీచ్ థెరపిస్టుల్లో కొందరు అభ్యంతరం చెప్పారు. అందుకని అన్నీ "అవును" వచ్చినా మీ మనసులో అనుమానం ఉంటే ఆ అనుమానాన్నే నమ్మండి, యాప్ కూడా అదే చెబుతుంది.

మేం అడిగాం. మొదటి డాక్టర్ వాడి మాట వినకుండానే "మగపిల్లలకు ఆలస్యమే, నాలుగేళ్ళ దాకా చూద్దాం" అన్నారు. అచ్చం నేను అన్నట్టే. నిరుడైతే సంతోషంగా ఇంటికి వచ్చేసేదాన్ని. ఈసారి నాకు సరిపోలేదు.

రెండో డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు అమ్మాయి యాప్‌లోంచి సారాంశం తీసి పట్టుకెళ్ళింది. జాబితాలో ఏది వచ్చింది, ఏది రాలేదు అన్నీ ఒక్కచోట ఉంటాయి, మెయిల్ కూడా చేయొచ్చు. నేను మాత్రం ఒక కాగితం మీద, పక్కింటావిడకి అర్థం కాని మాటలు వారం రోజులవి రాసుకున్నాను. చక్రం అక్కం, సబ్బు అబ్బు, చెప్పు ఎప్పు. డాక్టరమ్మ సారాంశం చూసింది, నా కాగితం చదివింది, వాడితో నేల మీద కూర్చుని కాసేపు లారీ ఆడింది. తర్వాత ఒకటే ప్రశ్న: "ఈ మధ్య వినికిడి పరీక్ష చేయించారా?"

పుట్టినప్పుడు చేశారు, బాగుందన్నారు అని చెప్పాం. పుట్టినప్పుడు బాగున్నా తర్వాత మారొచ్చని ఆవిడ చెప్పింది. జలుబు చేసినప్పుడు చెవి లోపల, కర్ణభేరి వెనక నీరులాంటి ద్రవం చేరుతుంది. కొందరు పిల్లల్లో అది వారాల తరబడి అలాగే ఉండిపోతుంది. నొప్పి ఉండకపోవచ్చు, జ్వరం ఉండకపోవచ్చు. చెవిలో దూది పెట్టుకుని వింటే ఎలా ఉంటుందో అలాంటి పిల్లలకి లోకం అలా వినిపిస్తుంది. స, చ, క లాంటి మెత్తని శబ్దాలు సరిగా చెవిన పడవు. వినపడని అక్షరం నోటికి ఎలా వస్తుంది?

పరీక్షలో రెండు చెవుల్లోనూ ద్రవం ఉందని తేలింది. వెనకనుంచి పిలిస్తే పలకడని, టీవీ దగ్గరికి జరుగుతాడని వాడిని ఎన్నిసార్లు కోప్పడ్డానో ఆ గదిలో కూర్చుని లెక్కపెట్టుకున్నాను.

ఆ రోజే అక్కడ ఇంకో ప్రశ్నావళి కూడా నింపించారు. దాని పేరు ఏఎస్‌క్యూ-3. ఈ రెండింటికీ తేడా తెలుసుకోవడం అవసరం. యాప్‌లో ఉన్నది గమనించుకునే జాబితా మాత్రమే. ఏఎస్‌క్యూ స్క్రీనింగ్, అంటే ఇంకా లోతుగా పరీక్షించాలా వద్దా అని తేల్చేది, మార్కులు వేస్తారు. మాట, పెద్ద కదలికలు, చేతివేళ్ళ పని, సమస్యను పరిష్కరించుకోవడం, నలుగురితో మెలగడం అని ఐదు భాగాలు, ఒక్కోదానికి ఆరు ప్రశ్నలు. చేస్తాడంటే 10, అప్పుడప్పుడు అంటే 5, ఇంకా లేదంటే 0. మా వాడికి మాటలో 60కి 35 వచ్చింది. మరీ ప్రమాదకరమైన స్థాయి కాదు, అలాగని వదిలేసేదీ కాదు, మళ్ళీ చూడాలి అన్నారు. మిగతా నాలుగింటిలో బెంగ లేదు. మాట ఒక్కటే వెనక ఉందని అంత స్పష్టంగా తెలిశాక నాకు టెన్షన్ సగం తగ్గింది. అప్పటిదాకా రాత్రుళ్ళు ఏవేవో జబ్బుల పేర్లు చదువుతూ కూర్చునేదాన్ని.

మందు ఏమీ ఇవ్వలేదు. ఆ ద్రవం చాలామంది పిల్లల్లో దానంతటదే పోతుంది, మూడు నెలలు చూద్దాం, పోకపోతే అప్పుడు ఏం చేయాలో ఆలోచిద్దాం అన్నారు. ఇదీ "చూద్దాం" అన్న మాటే. కానీ దీనికి ఒక తేదీ ఉంది, ఒక కారణం ఉంది, ఆ మధ్యలో మేం చేయాల్సిన పని ఉంది. దగ్గరికెళ్ళి, వాడి ఎత్తుకి కూర్చుని, మొహం చూస్తూ మాట్లాడడం. మాట్లాడేటప్పుడు టీవీ కట్టేయడం. వాడు తప్పుగా అంటే "అలా కాదు" అనకుండా అదే మాట సరిగా మనం అనడం: "అవునా, చక్రం పోయిందా?" స్పీచ్ థెరపీ కూడా మొదలుపెట్టాం. మూడో నెల పరీక్షలో రెండు చెవులూ తేటపడ్డాయి. మాట మాత్రం అంత తొందరగా రాలేదు. "స" రావడానికి ఇంకో మూడు నెలలు పైనే పట్టింది.

యాప్‌లో నాకు నచ్చనిది ఇక్కడే. మూడేళ్ళ జాబితా తర్వాత నాలుగేళ్ళ జాబితాయే. మధ్యలో ఏమీ లేదు. పెద్దవాళ్ళకి ఏడాది ఒక లెక్క కాదు గానీ, మూడేళ్ళ పిల్లవాడికి అది బతికినదాంట్లో మూడోవంతు. ఏఎస్‌క్యూలో మూడేళ్ళ తర్వాత ఆరేసి నెలలకు ఒకటి ఉంది కాబట్టి మూడున్నరేళ్ళప్పుడు అది మళ్ళీ నింపాం.

రెండోది భాష. యాప్ ఇంగ్లీషులో, స్పానిష్‌లో ఉంది. నేను చదువుకోగలను, చదవలేని అమ్మమ్మలకు ఎవరైనా పక్కన కూర్చుని చెప్పాలి. అంతకంటే పెద్ద చిక్కు, మాటల లెక్క. నాలుగేళ్ళకు నాలుగు లేక అంతకంటే ఎక్కువ మాటల వాక్యాలు చెప్పాలని జాబితాలో ఉంది. మా వాడు "తాతయ్య పడుకున్నాడేమో" అన్నాడు. లెక్కపెడితే రెండు మాటలే. కానీ అందులో ఎవరు, ఏం చేశారు, అది జరిగిపోయింది, నాకు కచ్చితంగా తెలియదు, ఇన్ని సంగతులున్నాయి. ఇంగ్లీషులో ఇదే చెప్పాలంటే ఐదారు మాటలు కావాలి. మన భాషలో ఒక క్రియకే బోలెడు వచ్చి అతుక్కుంటాయి. థెరపిస్ట్‌ని అడిగితే, మాటల సంఖ్య ఒక్కటే పట్టుకోకండి, చివర అతికించే ముక్కలు సరిగా వాడుతున్నాడా, చెప్పాలనుకున్నది పూర్తిగా చెబుతున్నాడా చూడండి అంది. ఇంట్లో రెండు భాషలు నడిచే పిల్లలకైతే రెండింటిలో వచ్చినవీ కలిపి చూడాలని కూడా చెప్పింది. తెలుగు ఇళ్ళలో ఈ యాప్ వాడేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి, లేకపోతే అనవసరంగా బెంగపడతారు.

నాలుగేళ్ళ జాబితా మాత్రం నేను తీరిగ్గా, ఇష్టంగా నింపాను. "క్రేయాన్ దేనికి?" లాంటి చిన్న ప్రశ్నకు జవాబు చెబుతాడా అని ఉంది. అడిగితే వాడు నా మొహం వైపు ఆశ్చర్యంగా చూసి "నీకు తెలీదా అమ్మమ్మా?" అన్నాడు. దాన్ని ఏ బటన్ కింద వేయాలో తెలియక "కచ్చితంగా తెలియదు" నొక్కాను. రెండు రోజుల తర్వాత, గొడుగు సర్దుతూ "ఇది దేనికిరా" అని మామూలుగా అడిగితే "తడవకుండా" అన్నాడు. పరీక్ష పెడుతున్నట్టు అడిగితే పిల్లలు బిగుసుకుపోతారు. ఆటలోనో పనిలోనో ఉన్నప్పుడు చూడాలి.

మనిషి బొమ్మలో మూడు భాగాలైనా గీయాలి. వాడి బొమ్మకి పెద్ద గుండ్రం, అందులో రెండు కళ్ళు, ఆ గుండ్రంలోంచే తిన్నగా దిగిన రెండు పొడుగాటి కాళ్ళు. పొట్ట లేదు. చేతులు లేవు. తల, కళ్ళు, కాళ్ళు, మూడూ ఉన్నాయి. ఈ వయసు పిల్లల బొమ్మల్లో కాళ్ళు తలలోంచే వస్తాయని థెరపిస్ట్ చెప్పింది. ఆ కాగితం ఫొటో తీసి తేదీ వేసి ఉంచుకున్నాను.

ఆ రోజు ఏం జరిగిందో ఒక్కటైనా చెప్పగలగాలి అన్నది ఇంకో అంశం. దీనికి నేను పక్కింటావిడనే అడిగాను. వాడు వెళ్ళి "మేం బంతాట ఆడాం, బంతి గోడ అవతల పడింది" అని చెప్పాడట. ఆవిడ వాడిని వెంటబెట్టుకుని వెళ్ళి బంతి వెతికి తెచ్చింది. మధ్యలో నేను లేను.

భాష వల్ల ఒక నక్షత్రం తగ్గించి నాలుగు ఇస్తున్నాను. మొదటి డాక్టర్ మాటతో ఆగకుండా నన్ను ఇంకో గుమ్మం ఎక్కించింది ఈ జాబితాయే.

ఇప్పుడు మా జాబితాలో ఒక్క "ఇంకా లేదు" మిగిలింది, బొత్తాలు. నాలుగేళ్ళకి విప్పడం రావాలి, పెట్టుకోవడం ఐదేళ్ళ జాబితాలో ఉంది. మొదట రెండూ ఒకటే అనుకుని కంగారుపడ్డాను. తర్వాత బీరువా తీసి చూస్తే వాడి బట్టల్లో బొత్తాలున్నది ఒక్కటీ లేదు, అన్నీ తల మీంచి వేసేవే. చేయడానికి అవకాశమే ఇవ్వని పని పిల్లవాడికి ఎలా వస్తుంది? వాళ్ళ తాతయ్య పాత చొక్కా ఒకటి, పెద్ద బొత్తాలున్నది, వాడికి తొడిగి వదిలేశాను. మోకాళ్ళ కిందకి వేలాడుతోంది. నాలుక కొస బయటపెట్టి రెండు విప్పాడు. మూడోదాని మీద ఉన్నాడు, నన్ను చెయ్యి పెట్టనివ్వట్లేదు.