మూడేళ్లుగా నా కాలికున్న ఏఎఫ్‌ఓ: పట్టీ గురించి చెప్పాలి

పక్షవాతంతో కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయి మూడేళ్లు దాటింది. కాలు కొంత తిరిగొచ్చింది. కానీ అడుగెత్తితే పాదం ముందుభాగం వేలాడి వేళ్లు నేలకు రాసుకుంటాయి. అందుకే ఏఎఫ్‌ఓ (యాంకిల్ ఫుట్ ఆర్థోసిస్), అంటే పాదం వేలాడకుండా పిక్క నుంచి పాదం దాకా పట్టి ఉంచే ప్లాస్టిక్ పరికరం. కాలికి పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్)తో అచ్చు తీసి, ప్లాస్టిక్ షీటుతో దీన్ని చేసే సంగతులు వాడేవాళ్లకి తెలిసినవే. నా కోపమంతా పట్టీ మీద.

పక్షవాతంలో సాధారణంగా కాలు ఏ వైపు పడితే చెయ్యీ ఆ వైపే పడుతుంది. అంటే ఇది వేసుకునేవాళ్లకి పనిచేసేది ఒక్క చెయ్యి. నాకిచ్చినదానికేమో పట్టీ దూర్చే రింగు లోపలి అంచున, అంటే ఎడమ కాలి వైపు ఉంది. బయటినుంచి వచ్చిన వెల్‌క్రో పట్టీని అందులో దూర్చి మళ్లీ బయటికే లాగాలి. ఎడమ చెయ్యి కుడి కాలి అవతలికి ఎంతని లాగుతుంది? పైగా విప్పిన ప్రతిసారీ పట్టీ కొస రింగులోంచి జారిపోయేది. మళ్లీ దూర్చాలంటే ఒక చేత్తో రింగు, ఇంకో చేత్తో పట్టీ పట్టుకోవాలి.

ఏడాదిపాటు తెల్లవారుజామున మా ఆవిడే నా కాళ్ల దగ్గర కూర్చుని బిగించేది. తనకి మోకాళ్ల నొప్పులు. లేపడానికి మనసొప్పక, బాత్రూముకు వెళ్లాల్సి ఉన్నా తెల్లారేదాకా మంచం మీద ఆగిన రోజులున్నాయి.

ఒకసారి తను చెల్లెలింటికి వెళ్లింది. ఎంత తంటాలు పడ్డా చీలమండ దగ్గరి పట్టీ దూరలేదు. పిక్క పట్టీ ఒక్కటే ఎలాగో అంటించుకుని లేచాను. చీలమండ పట్టీ లేకపోతే మడమ ప్లాస్టిక్‌లో కుదురుగా కూర్చోదు, అడుగడుక్కీ పైకి లేస్తుంది. వంటింటి గడపకు వేళ్లు తగిలి పడ్డాను. ఎముక విరగలేదు, మోచెయ్యి దోక్కుపోయింది. ఆ తర్వాత నెల రోజులు గడప దగ్గరికొచ్చేసరికి గోడ పట్టుకుని ఆగిపోయేవాణ్ని.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఇది విని, పట్టీ తిప్పి వేయించుకోమంది. మా వీధి చివర చెప్పులు కుట్టే అతను రివెట్లు ఊడదీసి రింగును బయటి అంచుకు, పట్టీ మొదలును లోపలి అంచుకు మార్చాడు. ఇప్పుడు లాగేది నా ఎడమవైపుకే. అతనే ఇంకొకటి ఆలోచించాడు. పట్టీని రింగులో దూర్చాక కొసను మడిచి మందంగా కుట్టాడు. విప్పినా ఆ మడత రింగు దగ్గరే ఆగిపోతుంది. మడతలో వేలు పట్టేంత సందు కూడా వదిలాడు. చూపుడువేలు దూర్చి ఒక్క లాగు లాగి నొక్కితే అయిపోయింది! మర్నాడు నేనే బిగించుకుని బాత్రూముకు వెళ్లొచ్చేసరికి మా ఆవిడ ఇంకా నిద్రలోనే ఉంది. ఆ రోజు నాకు పండగే.

ఆ సంబరంలో అడిగినవాళ్లందరికీ కళ్లు మూసుకుని తీసుకోమన్నాను. ఇప్పుడంత గట్టిగా చెప్పలేను. లుంగీ నూలుపోగులు వెల్‌క్రోలో ఇరుక్కుని పట్టు తగ్గుతుంది. వారానికోసారి పాత టూత్‌బ్రష్‌తో గీకుతున్నా, ఇప్పటికి రెండుసార్లు పట్టీ మార్పించాను. ఎండాకాలం చెమటకి నూలు మేజోడు లేనిదే వేసుకోలేను. బూటులో ఉన్నంతసేపు బాగానే ఉంటుంది గానీ, ఇంట్లో చెప్పుల్లేకుండా తిరిగితే నున్నటి అడుగు టైల్స్ మీద జారుతుంది. కింద రబ్బరు షీటు అంటించుకున్నాను. జైపూర్‌లో డాక్టర్ పి.కె. సేఠీ, హస్తకళాకారుడు రామచంద్ర శర్మ 1968లో కృత్రిమ పాదాన్ని ఉత్తకాళ్లతో నడిచేవాళ్లకీ, గొంతుక్కూర్చునేవాళ్లకీ పనికొచ్చేలా చేశారు. మా పరికరాలు చేసేవాళ్లూ ఒకసారి మన ఇళ్లలోకొచ్చి చూస్తే బాగుండును.

నా ఎడమ చేతి పట్టు గట్టిది, కాలు మరీ బిగుసుకుపోదు, స్పర్శ ఉంది కాబట్టి నాకిది కుదిరింది. స్పర్శ తెలియనివాళ్లు పట్టీ ఎక్కువ బిగిస్తే ఒరిసి పుండు పడొచ్చు. ఫిజియోను అడక్కుండా ఏదీ మార్చొద్దు.

కొత్తదానికి అచ్చు ఇవ్వడానికి వచ్చే నెల వెళ్తున్నాను. పాతదే వేసుకెళ్లి, వాళ్ల ముందు ఒంటి చేత్తో విప్పి, మళ్లీ బిగించి చూపిస్తాను.