కృష్ణా వరదల్లో పశునష్ట పరిహారం: ఒక పాడి రైతు సమీక్ష

కృష్ణా కరకట్టకు నదివైపున ఉన్న లంక గ్రామంలో గేదెలను నమ్ముకుని బతికే కుటుంబం మాది. 2009, 2019, 2024 వరదల తర్వాత ప్రభుత్వ పశునష్ట పరిహారం పొందినవాళ్లం కాబట్టి, ఈ సాయం ఎంతవరకు ఆదుకుంటుందో, ఎక్కడ చేయి వదిలేస్తుందో అనుభవం మీద రాస్తున్నాను.

రాష్ట్ర విపత్తు స్పందన నిధి నిబంధనల కింద పాడి గేదె లేదా ఆవు చనిపోతే ఇచ్చే 30,000 రూపాయలు 2022లో 37,500 అయ్యాయి. ఎద్దుకు 32,000, దూడకు 20,000, గొర్రెకు లేదా మేకకు 4,000 ఇస్తారు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం పాడి పశువుకు 50,000, గొర్రెకు 7,500 చేసింది. ఈనిన ముర్రా జాతి గేదె లక్షకు తక్కువ దొరకని రోజుల్లో ఇది సగం ధరే. అయినా సొమ్ము మధ్యలో ఎవరి చేతా పడకుండా ఖాతాలో జమ కావడం నిజమైన మేలు. దానికి పాల కేంద్రం ఇచ్చిన అడ్వాన్సు కలిపి, వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా చూడి పడ్డను, అంటే కడుపుతో ఉన్న తొలిచూలు గేదెను, కొనుక్కోగలిగాం.

అసలు కష్టమంతా రుజువు దగ్గరే. కళేబరం దొరకాలి, పశువైద్యుడు చూసి ధ్రువీకరించాలి, రెవెన్యూ సిబ్బంది సమక్షంలో పంచనామా జరగాలి. 2024లో మా గేదె కరకట్ట దిగువన తుమ్మకంపలో చిక్కుకుని కనిపించింది. నీరు తీసి మనిషి వెళ్లగలిగేసరికి కడుపు ఉబ్బి వాసన మొదలైంది. డాక్టరు గారు దాని చెవిపోగు (పశువు చెవికి వేసే గుర్తింపు బిళ్ల) మీది బురదను గోరుతో గీకి, 12 అంకెల సంఖ్య చదివి, అది స్పష్టంగా కనబడేలా ఫోటో తీయించిన తర్వాతే గొయ్యి తవ్వించి, సున్నం చల్లి పూడ్చాం. పక్కింటివారి గేదె మాత్రం ప్రవాహంలో కొట్టుకుపోయి ఎక్కడా తేలలేదు. కళేబరం లేదన్న ఒక్క కారణంతో వారి దరఖాస్తు నెలల తరబడి తిరిగి చివరకు ఆగిపోయింది. ముందురోజు సాయంత్రం వరకు ఆ గేదె పాలు పోసినట్టు పాల కేంద్రం పుస్తకంలో ఉంది, చెవిపోగు సంఖ్య పశుసంవర్ధక శాఖ రికార్డులో ఉంది. వరద ఎత్తుకుపోయిన పశువుకు ఇంతకంటే మంచి సాక్ష్యం ఏ రైతు తేగలడు? ఈ రెండింటినీ రుజువుగా అంగీకరించాలన్నది నా గట్టి అభిప్రాయం.

కుటుంబానికి 3 పెద్ద పాడి పశువులు లేదా 30 చిన్న జీవాలు అన్న పరిమితి మాలాంటి వారికి అంతగా తగలదు. గొర్రెల కాపరులకు మాత్రం అది పెద్ద అన్యాయం. వంద జీవాల మంద మునిగినా 30కే లెక్క కడతారు, పొలం లేని వారికి ఆ మందే ఆస్తి.

బతికిన పశువు ఈ పరిహారంలో ఎక్కడా లెక్కకు రాదు. రోజుల తరబడి నీళ్లలో నిలబడిన గేదెలకు గిట్టలు మెత్తబడి పుండ్లు పడతాయి, పొదుగువాపు వస్తుంది, పాలు సగానికి పడిపోతాయి. గడ్డివాము నాని కుళ్లిపోతుంది, మేత చేను మీద ఒండ్రు మేట వేస్తుంది. పశు శిబిరాల్లో పెద్ద పశువుకు రోజుకు 80, చిన్నదానికి 45 రూపాయల చొప్పున మేతకు కేటాయింపు ఉంది. కరకట్ట మీది శిబిరంలో మాకు దాణా, ఎండుగడ్డి ఉచితంగానే అందాయి. కానీ నీరు తీసి మేం ఇళ్లకు చేరగానే అదీ ఆగిపోయింది. మళ్లీ పచ్చిమేత కోతకు వచ్చేదాకా కొన్న గడ్డితోనే నెట్టుకొచ్చాం, ఆ ఖర్చు చచ్చిన గేదెకు వచ్చిన సొమ్ములోంచే పోయింది.

సంతలో గేదెను కొన్నవారు ఒక పని తప్పక చేయించుకోవాలి. చెవిపోగు రికార్డు అమ్మినవారి పేరు మీదే ఉండిపోతే పరిహారం దగ్గర పేచీ వస్తుంది. వానాకాలానికి ముందు గొంతువాపు టీకాలకు సిబ్బంది ఊళ్లోకి వచ్చినప్పుడే యజమాని పేరు మార్పించుకుని, చెవిపోగు కనిపించేలా గేదె ఫోటో ఒకటి ఫోన్లో ఉంచుకోండి.