మారతహళ్లిలో రీసెర్చ్ మెథడ్స్ వీకెండ్ క్లాస్: సైకాలజీ డిజర్టేషన్ వాళ్ళు డేటా తీయకముందే వెళ్ళండి

ఎమ్మెస్సీ సైకాలజీలో చేరి, థియరీ పేపర్లన్నీ బాగానే రాసి, తీరా డిజర్టేషన్ దగ్గరకొచ్చేసరికి టెన్షన్ పడుతున్న మన తెలుగు పిల్లలు బెంగళూరులో చాలామందే ఉన్నారు. ఈ రివ్యూ వాళ్ళ కోసం. మారతహళ్లి బ్రిడ్జి దాటాక ఒక కర్రీ పాయింట్ పైన, రెండో అంతస్తులో, శని ఆదివారాల్లో ఒక రిటైర్డ్ లెక్చరర్ మేడమ్ రీసెర్చ్ మెథడ్స్ చెబుతారు. పెద్ద సంస్థ కాదు, బయట బోర్డు లేదు, తన పేరు ఎక్కడా రాయొద్దని ఆవిడే అన్నారు కాబట్టి రాయడం లేదు. చుట్టుపక్కల పీజీల్లో ఉండే సైకాలజీ స్టూడెంట్లను అడిగితే దారి చెబుతారు. ఫీజు నాలుగున్నర వేలు. ఇచ్చిన ప్రతి రూపాయీ గిట్టుబాటైంది.

ఎందుకు బాగుందో చెప్పాలంటే, ఆవిడ టైమ్ దేని మీద పెడతారో చెప్పాలి. మామూలుగా ఇలాంటి కోర్సుల్లో కూర్చోగానే ఎస్‌పీఎస్ఎస్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ తెరిచి, రెండు గుంపుల సగటుల్ని పోల్చే టీ టెస్టుకి ఎక్కడ నొక్కాలో చూపిస్తారు. ఇక్కడ సగం కోర్సు అయ్యేదాకా లాప్‌టాప్ ముట్టుకోనివ్వరు. ముందు ఎయిమ్, తర్వాత హైపోథిసిస్, రెండూ కాగితం మీద పెన్నుతో రాయాలి, ఆవిడ చదివి గీతలు గీసి తిరిగిస్తారు, మళ్ళీ రాయాలి. ఎయిమ్ అంటే మీరు ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో మామూలు మాటల్లో చెప్పడం. హైపోథిసిస్ అంటే ఆ విషయంలో ఏం తేలుతుందని మీ అంచనా, ఎవరిలో ఏం కొలుస్తారో స్పష్టంగా ఉండి, తప్పైతే తప్పని తేలిపోయేలా రాసింది. టెక్స్ట్‌బుక్‌లో ఇదంతా అరపేజీ. చదువుతుంటే అర్థమైనట్టే ఉంటుంది, సొంత టాపిక్ మీద రాయమన్నప్పుడే అసలు కష్టం తెలుస్తుంది.

మా బ్యాచ్‌లో ఒక అనంతపురం అమ్మాయి "ట్రాఫిక్ వల్ల ఐటీ ఉద్యోగుల్లో ఒత్తిడి పెరుగుతుంది" అని రాసుకొచ్చింది. మేడమ్ ఆ కాగితం పట్టుకుని, "ఏమ్మా, ఒత్తిడి అన్నావు కదా, దాన్ని నాకు అంకెలో చూపించు" అన్నారు. పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్ వాడతాను మేడమ్ అంది. పది ప్రశ్నలు, 0 నుంచి 40 దాకా స్కోరు, బాగుంది. "మరి ట్రాఫిక్?" ఇంటి నుంచి ఆఫీసుకి పట్టే టైమ్, నిమిషాల్లో. "ఎవరికి?" సిల్క్ బోర్డ్ మీదుగా వెళ్ళేవాళ్ళకి. "రోజూ వెళ్ళేవాళ్ళా, వారానికి రెండు రోజులు వెళ్ళి మిగతా రోజులు ఇంట్లోంచి పనిచేసేవాళ్ళా?" అక్కడ ఆ అమ్మాయి ఆగిపోయింది, ఎందుకంటే ఆ రెండు రకాల వాళ్ళనీ కలిపేస్తే వచ్చే స్కోర్లకి అర్థం ఉండదు. ఆ తర్వాత మేడమ్ ఇంకో విషయం పట్టుకున్నారు. నువ్వు చేసేది సర్వే, కొంతమందిని కావాలని ట్రాఫిక్‌లోకి పంపి కొంతమందిని ఇంట్లో ఉంచడం లేదు, కాబట్టి ఇది దానికి కారణం అని తేల్చలేవు, రెండిటికీ సంబంధం ఉందా లేదా అన్నంత వరకే చెప్పగలవు. జీతం ఎక్కువున్నవాళ్ళు ఆఫీసు పక్కనే ఇల్లు తీసుకుని ఉండొచ్చు, ఒత్తిడి తక్కువుండడానికి డబ్బే కారణం కావచ్చు కదా అని అడిగారు.

గంట గడిచేసరికి ఆ వాక్యం ఇలా మారింది: "వారానికి కనీసం నాలుగు రోజులు సిల్క్ బోర్డ్ మీదుగా ఆఫీసుకి వెళ్ళే ఐటీ ఉద్యోగుల్లో, ఒకవైపు ప్రయాణానికి పట్టే నిమిషాలకీ పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్ స్కోరుకీ పాజిటివ్ కోరిలేషన్ ఉంటుంది." అంటే ఒకటి పెరిగితే రెండోదీ పెరుగుతుందని అంచనా. వినడానికి అందంగా లేదు, కానీ రేపు ఎవరైనా దీన్ని పరీక్ష పెట్టి చూడగలరు. (కోరిలేషన్ మాట వచ్చినప్పుడే మైసూరు సంగతి కూడా చెప్పారు. సైకాలజిస్టు స్పియర్‌మన్ దగ్గర లండన్‌లో చదువుకుని వచ్చిన ఎం.వి. గోపాలస్వామి 1924లో మైసూరు యూనివర్సిటీలో సైకాలజీ డిపార్ట్‌మెంట్ పెట్టారు, దేశంలో కలకత్తా తర్వాత అదే రెండోది. మనం వాడే స్పియర్‌మన్ కోరిలేషన్ ఆ గురువుగారి పేరు మీదే ఉంది.)

నల్ హైపోథిసిస్, అంటే తేడా గానీ సంబంధం గానీ ఏమీ లేదు అన్న వాక్యం, చాలామందికి మింగుడు పడదు, మనం నమ్మనిదాన్ని మనమే ఎందుకు రాయాలి అనిపిస్తుంది. దానికి మేడమ్ ఎంచుకున్న ఉదాహరణ స్టాటిస్టిషియన్ ఫిషర్ 1935లో తన పుస్తకంలో రాసిన టీ కప్పుల ప్రయోగం. కప్పులో ముందు పాలు పోశారో ముందు టీ పోశారో రుచి చూసి చెప్పగలనంది ఒకావిడ. 8 కప్పులు పెట్టాలి, నాలుగింటిలో పాలు ముందు, నాలుగింటిలో టీ ముందు; పాలు ముందు పోసిన నాలుగూ ఏవో ఆవిడ ఏరాలి. ఆవిడకి ఆ శక్తేమీ లేదు, ఊరికే ఊహిస్తోంది, ఇదీ నల్. అలా ఊహిస్తే అన్నీ సరిగ్గా పడే అవకాశం 70లో 1, అంటే 1.4 శాతం. ఇక్కడిదాకా అందరూ చెబుతారు. మేడమ్ బోర్డు మీద ఇంకో లెక్క వేశారు. నాలుగు పాలకప్పుల్లో మూడే పట్టుకున్నా గెలిచినట్టే అనుకుంటే, ఊహించి గెలిచే అవకాశం 70లో 17 అవుతుంది, దాదాపు 24 శాతం. కాబట్టి ఎన్ని సరిగ్గా చెబితే ఒప్పుకుంటామో కప్పు చేతికివ్వకముందే రాసిపెట్టుకోవాలి, ఫలితం చూశాక "మూడు చాల్లే" అనే వీలుండకూడదు. హైపోథిసిస్ ముందే రాయడం ఎందుకో నాకు ఇంత స్పష్టంగా ఇంకెక్కడా దొరకలేదు.

డైరెక్షనల్, నాన్ డైరెక్షనల్ గొడవ కూడా ఇక్కడే తేలిపోయింది. ఇదివరకటి పరిశోధనలు ఒకే వైపు చూపిస్తుంటే "ఎక్కువ ఉంటుంది" అనో "తక్కువ ఉంటుంది" అనో దిశ రాయండి, అవి అటూ ఇటూ ఉంటే "తేడా ఉంటుంది" అని వదిలేయండి. డేటా ఎటు వంగిందో చూసి అప్పుడు అటువైపు వన్ టెయిల్డ్ టెస్ట్ (ఒక్క దిశలోనే తేడా వెతికే టెస్ట్) పెడితే మాత్రం, మీరు కాగితం మీద 5 శాతం అని రాసిన పొరపాటు అవకాశం నిజానికి 10 శాతం అవుతుంది.

ఇక నాకు బాగా నచ్చిన క్లాసు జ్ఞాపకశక్తి మీద సైకాలజిస్టులు లోఫ్టస్, పామర్ 1974లో చేసిన ప్రయోగాల గురించి చెప్పింది. అందరం పరీక్షకి బట్టీ పట్టిందే. 45 మంది విద్యార్థులకి కారు ప్రమాదాల ఫిల్ములు చూపించి, కార్లు ఎంత వేగంతో గుద్దుకున్నాయని అడిగారు, ఒక్కో గుంపుకి ఒక్కో క్రియాపదం వాడారు. గట్టి పదం ("స్మాష్డ్") విన్నవాళ్ళు సగటున గంటకు 40.5 మైళ్ళన్నారు, మెత్తటి పదం ("కాంటాక్టెడ్") విన్నవాళ్ళు 31.8 అన్నారు. సరే, ఇప్పుడు కొత్త ప్రశ్న వచ్చింది. పదం మారితే జవాబే మారిందా, జ్ఞాపకమే మారిపోయిందా? ఆ పాత అంకెలతోనే దీన్ని తేల్చినట్టు రాసేసుకోలేదు వాళ్ళు. 150 మందిని కొత్తగా తీసుకుని, ప్రమాదం ఫిల్ము చూపించి, వారం తర్వాత పిలిచి, పగిలిన అద్దం చూశారా అని అడిగారు. ఫిల్ములో అద్దం పగల్లేదు. గట్టి పదం విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు, "హిట్" విన్న 50 మందిలో 7 మంది, వేగం గురించి అసలు అడగనివాళ్ళలో 6 మంది. డేటా చూశాక ఆలోచన రావడం తప్పేమీ కాదు, దాన్ని కొత్త మనుషుల మీద పరీక్షించాలి అన్న మాట ఆవిడ ఎన్నిసార్లన్నారో.

ఇది గట్టిగా రాయడానికి కారణం ఉంది. ఇక్కడికి రాకముందు ఊళ్ళో ఇంకో చోట థీసిస్ గైడెన్స్ అంటే వెళ్ళాను, పేరు అనవసరం. ముందు డేటా తెచ్చివ్వండి, రిజల్ట్స్ వచ్చాక దానికి తగ్గ హైపోథిసిస్ మేమే సెట్ చేస్తాం అని ధైర్యంగా చెప్పారు, అదేదో సదుపాయం అన్నట్టు. దీన్నే 1998లో నార్బర్ట్ కెర్ అనే సైకాలజిస్టు హార్కింగ్ (ఫలితాలు తెలిశాక హైపోథిసిస్ రాయడం) అన్నారు. 2015లో 100 సైకాలజీ అధ్యయనాలను మళ్ళీ చేసి చూస్తే, మొదట్లో 97 శాతం అధ్యయనాల్లో సిగ్నిఫికెంట్ (ఊరికే అదృష్టంతో వచ్చింది కాదనిపించే) ఫలితం ఉంటే, ఈసారి అది 36 శాతానికి పడిపోయింది. అన్నిటికీ ఇదొక్కటే కారణం కాదు, కానీ ఇలాంటి అలవాట్లకి ఇందులో పాత్ర ఉందన్నది చాలామంది పరిశోధకుల మాట. చదువుకోడానికి అప్పు చేసి వచ్చిన పిల్లలకి ఇలాంటివి అమ్మడం చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. మేడమ్ మాత్రం హైపోథిసిస్ పేజీ కింద తేదీ వేయించి, ఓఎస్ఎఫ్ (ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్) సైట్‌లో ప్రీరిజిస్ట్రేషన్, అంటే డేటా తీయకముందే హైపోథిసిస్‌ని నమోదు చేయడం, ఎలా చేయాలో దగ్గర కూర్చోబెట్టుకుని చూపించారు. దానికి డబ్బేమీ కట్టక్కర్లేదు.

లోపాలు కూడా చెప్పాలి. చివర్లో స్టాటిస్టిక్స్ పరుగులు పెట్టించారు, అనోవా (రెండు కంటే ఎక్కువ గుంపుల సగటుల్ని పోల్చే టెస్ట్) దగ్గరకొచ్చేసరికి సగం మంది చేతులెత్తేశారు. ఇంటర్వ్యూలు చేసి థీమాటిక్ అనాలిసిస్ (జవాబుల్లో పదే పదే వచ్చే అంశాల్ని వెతకడం) చేసేవాళ్ళకి హైపోథిసిస్ అక్కర్లేదు, మంచి రీసెర్చ్ క్వశ్చన్ చాలు అని చెప్పి వదిలేశారు, ఆ మంచి ప్రశ్న ఎలా రాయాలో కూడా అంతే ఓపికగా చెప్పుంటే బాగుండేది. గది ఇరుకు, ఒకటే ఫ్యాను, రింగ్ రోడ్ హారన్లు. రికార్డింగ్ ఇవ్వరు, ఒక క్లాసు పోతే పోయినట్టే.

తెలుగులోనే చెబుతారు, టెర్మ్స్ ఇంగ్లిష్‌లో ఉంటాయి, కన్నడ పిల్లలు అడిగితే కన్నడలో జవాబిస్తారు. గైడ్‌కి టాపిక్ ఇచ్చేశాక, సినాప్సిస్ ఇంకా సబ్మిట్ చేయకముందు వెళ్తే అన్నిటికన్నా మంచిది. ఇప్పటికే ఫారాలు పంచేసి డేటా చేతిలో ఉన్నవాళ్ళు ఫోన్ చేసినప్పుడే ఆ సంగతి చెప్పేయండి, వాళ్ళని బ్యాచ్‌లో కూర్చోబెట్టకుండా విడిగా పిలిచి ఆ డేటాతో నిజాయితీగా ఏం రాయొచ్చో చెబుతారు, దానికి ఫీజు కూడా తక్కువే.