వందల ఫేస్‌లు ఎవరికి కావాలి? నైట్ డ్యూటీ నర్సు స్మార్ట్‌వాచ్ సమీక్ష

మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. ఈ స్మార్ట్‌వాచ్ చేతికి వచ్చి రెండేళ్లు దాటింది. అంతకు ముందు రెండు వేల లోపు కాలింగ్ వాచ్ ఒకటి వాడాను. రెండింటి కంపెనీ పేర్లూ రాయను. స్టెప్పులు, నిద్ర, కాలింగ్ గురించి యూట్యూబ్‌లో కావాల్సినన్ని వీడియోలున్నాయి. రోజంతా మనం చూసేది మాత్రం వాచ్ ఫేస్, అంటే తెర మీద టైం చూపే డిజైన్. దాని దగ్గరికొచ్చేసరికి "వందకు పైగా ఫేస్‌లున్నాయి" అని ఒక్క ముక్కతో సరిపెడతారు. నేను ఆ ఒక్క ముక్క గురించే రాస్తున్నాను.

మా పనిలో వాచ్ కావాల్సింది ముందు సెకన్లకు. నాడి చూడాలన్నా, సెలైన్ చుక్కలు సరిచేయాలన్నా సెకన్లు కళ్ల ముందు ఉండాలి. అర లీటరు సెలైన్ నాలుగు గంటల్లో పోవాలని డాక్టరు రాశారనుకోండి. మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెలైన్ పైపు సెట్ అయితే నిమిషానికి సుమారు 42 చుక్కలు పడాలి. అంటే 15 సెకన్లకు పదో పదకొండో. అది చూసుకుంటూ చుక్కల వేగం మార్చే రోలర్ తిప్పుతాం. చిన్నపిల్లలతో ఇంకా కష్టం. వాళ్ల ఊపిరి ఒకసారి గబగబా, ఒకసారి నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి నిమిషం పూర్తిగా లెక్కపెట్టాల్సిందే. దగ్గుతో వచ్చిన బిడ్డ ఏడాది లోపు ఉండి రెండు నెలలు నిండితే నిమిషానికి 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపైతే 40, లేదా అంతకన్నా ఎక్కువ వస్తే న్యుమోనియా అనుమానించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 38 వచ్చిందా, 42 వచ్చిందా అన్నది అక్కడ చిన్న విషయం కాదు.

ఆ కాలింగ్ వాచ్‌లో సింహాలున్నాయి, కార్లున్నాయి, గులాబీలున్నాయి. సెకన్లు చూపే ఫేస్‌లు వెతికితే నాలుగైదు దొరికాయి, అవి కూడా వార్డులో రాత్రి వెలుతురుకు కనపడనంత సన్నటి అంకెలతో. అంకెల రంగు మారదు, పక్కన చూపే వివరం మారదు. మన ఫొటో పెట్టుకోవచ్చు, అంతే. తెలుగులో మెసేజ్ వస్తే గళ్లు గళ్లుగా కనిపించేది. అన్నిటికన్నా చిరాకు ఏంటంటే, నిమిషం లెక్క సగంలో ఉండగానే స్క్రీన్ ఆరిపోయేది. ఒక చేయి బిడ్డ పొట్ట మీద, ఇంకో చేయి చార్ట్ మీద, స్క్రీన్ ముక్కుతో వెలిగించాలా?

రెండోది, అంటే ఇప్పుడున్నది, గూగుల్ వాళ్ల వేర్ ఓఎస్ సాఫ్ట్‌వేర్ మీద నడిచే వాచ్. స్క్రీన్ ఎప్పుడూ వెలిగే ఉంటుందంటే నా బాధ తీరిందనుకున్నాను. కానీ ఆ మోడ్‌లో బ్యాటరీ మిగల్చడానికి ఫేస్ నిమిషానికి ఒకసారే మారుతుంది, సెకన్ల ముల్లు మాయమైపోతుంది. ఆపిల్ వాళ్లు 2024లో తెచ్చిన సిరీస్ 10లో కొన్ని ఫేస్‌లకు ఆ మోడ్‌లో కూడా సెకన్లు నడుస్తాయి. ఆ ధర మా జీతాలకు అందదు.

దారి చివరికి ముల్లులో దొరకలేదు, ఫేస్ మీదుండే చిన్న గడుల్లో దొరికింది. కొన్ని ఫేస్‌లలో బ్యాటరీ, తేదీ, వాతావరణం చూపే ఈ గడుల్లో మనకు నచ్చింది పెట్టుకోవచ్చు. కింది గడిలో టైమర్ పెట్టాను. ఒక్కసారి నొక్కి, నిమిషం మొదలుపెట్టి, బిడ్డ పొట్టనే చూస్తూ లెక్కపెడతాను. నిమిషం అయ్యాక మణికట్టు మీద వైబ్రేషన్ వస్తుంది. వాచ్ వైపు చూసే పనే లేదు. అప్పటి నుంచి డ్యూటీలో నా ఫేస్ మారలేదు. నల్లటి నేపథ్యం, లావు తెల్ల ముళ్లు, మూడు గడులు. అమోలెడ్ తెర మీద నలుపున్న చోట వెలుగే ఉండదు, కాబట్టి బ్యాటరీ మిగులుతుంది, రాత్రి పేషెంట్ కళ్లలో కూడా పడదు. వార్డు రౌండుకు వెళ్లేముందు థియేటర్ మోడ్ పెడతాను, చేయి ఎత్తినా తెర వెలగదు.

ఇక మా దగ్గర వాచ్ ఉన్నవాళ్లందరినీ వదలకుండా అడిగాను, ఫేస్ ఎప్పుడు మార్చారు, ఎందుకు మార్చారు అని. ల్యాబ్ టెక్నీషియన్ అన్న కూడా టైమర్ గడే పెట్టుకున్నాడు. ఈఎస్ఆర్ అనే రక్తపరీక్షకు ట్యూబు నిలబెట్టాక గంటకు చూడాలి కదా. నాతోపాటు డ్యూటీ చేసే ముస్లిం సిస్టర్ ఫేస్‌లో నమాజు వేళలు ఉంటాయి. రంజాన్ నెలలో ఇఫ్తార్‌కు ఇంకా ఎంతసేపుందో వార్డంతా ఆమెనే అడుగుతుంది. మా అత్తమ్మ రాహుకాలం చూపేది ఏదైనా ఉందా అని అడిగింది, ఇంకా వెతుకుతున్నాను. ఆయమ్మకు మనవరాలి ఫొటో, పెద్ద అంకెలు చాలు. రోజూ ఫేస్ మార్చేది ఒక్క మెడికల్ షాపు పిల్లగాడే, చొక్కా రంగుకు మ్యాచింగ్ చేస్తాడు. మిగతా అందరూ కొన్న వారంలో సరదాగా మార్చి, ఒకదాని దగ్గర ఆగిపోయారు. కంపెనీలు లెక్కపెట్టేదేమో ఫేస్‌లను, వీళ్లకు కావాల్సిందేమో ఒకే ఫేస్‌లో తమకు పనికొచ్చే గడి.

అడక్కుండానే ఫేస్ మారిపోవడం ఇంకో గోల. చాలా వాచ్‌లలో తెరను కాసేపు నొక్కిపడితే ఫేస్‌ల వరుస తెరుచుకుంటుంది. పేషెంట్‌ను పక్కకు తిప్పేటప్పుడు మణికట్టు మడత తగిలి, రౌండ్‌లో చూస్తే టెడ్డీబేర్ నవ్వుతుంటుంది. ఆపిల్ వాళ్లు 2023లో తమ వాచ్ సాఫ్ట్‌వేర్ వాచ్‌ఓఎస్ 10లో పక్కకు తోస్తే ఫేస్ మారే పద్ధతినే తీసేశారు. దానికి అలవాటుపడ్డవాళ్లు గొడవ చేస్తే, అదే ఏడాది 10.2లో కావాల్సినవాళ్లు ఆన్ చేసుకునేలా మళ్లీ ఇచ్చారు. ఇట్లా ఆన్, ఆఫ్ మన చేతిలో ఉంటే గొడవే లేదు. నేనైతే పనికిరాని ఫేస్‌లన్నీ తీసేసి డ్యూటీ రోజుల్లో ఒక్కటే ఉంచుతాను.

బీటెక్ చదివే మా మేనల్లుడు శాంసంగ్ వాళ్ల వాచ్ ఫేస్ స్టూడియోలో నాకోసం తెలుగు అంకెల ఫేస్ చేసిచ్చాడు. ఆ సాఫ్ట్‌వేర్ ఉచితం, కోడ్ రాయనక్కర్లేదు. చూడ్డానికి ముద్దుగా ఉంది కానీ ౨, ౩ ఒకేలా కనిపించి టైం చెప్పడానికి ఆగాల్సి వస్తోంది. వార్డులో అడిగినవాళ్లందరూ తడబడ్డారు. వారం పేర్లు తెలుగులో ఉంచి అంకెలు మామూలువి పెట్టమన్నాను. ఇప్పుడు బాగుంది, సెలవు రోజు అదే పెట్టుకుంటాను.

డబ్బు పెట్టి ఫేస్‌లు కొనేవాళ్లకు ఒక మాట. గూగుల్ 2023లో వాచ్ ఫేస్ ఫార్మాట్ అని కొత్త పద్ధతి తెచ్చింది. 2026 జనవరి నుంచి వేర్ ఓఎస్ వాచ్‌లలో ఫేస్ ఇన్‌స్టాల్ చేయాలంటే అది ఆ పద్ధతిలో ఉండాల్సిందే. పాత ఫేస్‌ను కొత్త పద్ధతిలోకి మార్చడం తయారుచేసినవాళ్ల చేతిలో ఉంది. అందుకని అప్‌డేట్ తేదీ చూసి కొనండి.

వాచ్ మీద మిగతా మాటలు క్లుప్తంగా: బ్యాటరీ ఒక రోజు, ఒకటిన్నర రోజు. శానిటైజర్ తడి మీద టచ్ పిచ్చిగా ప్రవర్తిస్తుంది. పల్స్ చూపిస్తుంది కానీ అది నా పల్స్, పేషెంట్‌కు పెట్టి చూడమని బంధువులు ఎంత అడిగినా ఇవ్వను.

కొనేటప్పుడు క్లాక్ టవర్ దగ్గర షాపుల్లో ఏసీ కింద నిలబడి చూడకండి. వాచ్ పట్టుకుని గడప దాటి పాలమూరు ఎండలోకి రండి, అంకెలు కనిపిస్తున్నాయా చూడండి. ఫేస్‌ను నొక్కిపట్టి గడులు మార్చుకోవచ్చా చూడండి. తర్వాత ముట్టుకోకుండా నిమిషం ఆగి, స్క్రీన్ ఎన్ని సెకన్లకు ఆరిపోతుందో చూడండి. షాపతను వాచ్ పట్టుకుని ఎటు పోతున్నారని మీ వెనకే వస్తాడు, రానివ్వండి.