డిజిలాకర్: పర్సుకు సరే, బీరువాకు చాలదు

2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలోకి వచ్చాయి. అదే సమయంలో మున్నేరు ఖమ్మంలో కాలనీలను ముంచింది. మంచం కింద ట్రంకుపెట్టె, బీరువా అడుగు అర. మనం కాగితాలు దాచే చోట్లన్నీ నీళ్లొస్తే ముందు మునిగే చోట్లే. వరద మాటెత్తితే చాలు, "అన్నీ డిజిలాకర్‌లో పడేస్తే పోలా?" అనేవాళ్లు ఎక్కువయ్యారు. అంతతో పోదు. డిజిలాకర్, అంటే మన కాగితాలను ఫోన్‌లో ఉంచుకునే ప్రభుత్వ యాప్, మంచి సేవే, పైగా పైసా ఖర్చు లేదు. కాకపోతే అది ఏ పనికి పుట్టిందో ఆ పనికే వాడాలి.

కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ 2015లో మొదలుపెట్టిన ఈ యాప్‌లో రెండు గదులున్నాయనుకోండి. మొదటిది 'ఇష్యూడ్'. ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు, ఆర్సీ, పాన్, టెన్త్ మార్కుల మెమో లాంటివి వాటిని జారీ చేసిన సంస్థ రికార్డు నుంచే నేరుగా ఇందులోకి వస్తాయి. 2017 ఫిబ్రవరిలో సవరించిన ఐటీ నిబంధనల ప్రకారం వీటికి ఒరిజినల్‌తో సమానమైన విలువ ఉంది. రెండోది 'డ్రైవ్'. మనం ఫొటో తీసో స్కాన్ చేసో ఎక్కించుకునేవి ఇక్కడుంటాయి. మొత్తం 1 జీబీ చోటు, ఒక్కో ఫైలు 10 ఎంబీ దాటకూడదు. ఈ రెండో గదిలో ఉన్నదానికి జిరాక్సుకున్న విలువ కూడా అనుమానమే. రైల్లో టీటీఈకి ఇష్యూడ్‌లోని ఆధార్ చూపిస్తే ఒప్పుకుంటారు, డ్రైవ్‌లో మీరే ఎక్కించిన ఆధార్ ఫొటో చూపిస్తే ఒప్పుకోరు. రైల్వే శాఖ 2018లోనే ఈ సంగతి తేల్చి చెప్పింది. తలనొప్పులన్నీ ఈ తేడా తెలియకే వస్తున్నాయి.

మొదటి గదికి మా మార్కు అయిదుకు నాలుగు. లైసెన్సు కావాలంటే లైసెన్సు నంబరు, ఆర్సీకి బండి నంబరూ ఛాసిస్ నంబరూ, టెన్త్ మెమోకి రోల్ నంబరూ పాసైన సంవత్సరమూ కొడితే చాలు. అన్నీ సరిపోతే అర నిమిషంలో వచ్చేస్తాయి. సరిపోకపోతే 'రికార్డు దొరకలేదు' అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది, ఎందుకు దొరకలేదో చెప్పదు. తెలుగువాళ్ల విషయంలో చాలాసార్లు కారణం ఇంటిపేరే. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరం ఉంటుంది, పాన్‌లో ఇంటిపేరు చివరికి పోతుంది. మనిషి చూస్తే ముగ్గురూ ఒక్కరేనని తెలుస్తుంది గానీ కంప్యూటరుకు ముగ్గురూ వేరు. సరిచేయడం ఎక్కడ మొదలుపెట్టాలంటే, టెన్త్ మెమోను ఆధారంగా పెట్టుకుని ముందు ఆధార్ మార్పించుకోండి, తర్వాత పాన్. తిరగేసి చేస్తే రెండుసార్లు తిరగాలి.

ఇంకో చిక్కు ఓటీపీది. ఆధార్‌కు ఇచ్చిన ఫోన్ నంబరు ఎప్పుడో వదిలేసిన సిమ్‌ది అయితే ఇక్కడ అడుగు ముందుకు పడదు. ఇంట్లో పెద్దవాళ్లది చాలాసార్లు ఇదే పరిస్థితి. అప్పట్లో అందరి ఆధార్‌కూ పెద్దకొడుకు నంబరే ఇచ్చేసి ఉంటారు. ఆధార్ సేవా కేంద్రంలో ఎవరి నంబరు వాళ్లకు వేయించాకే ఖాతా తెరవండి. మనిషికో ఖాతా, మనిషికో ఆరంకెల పిన్ను. ఇంటి మొత్తానికి ఒక ఖాతా అనే ఏర్పాటు ఇందులో లేదు.

ఒకసారి తెచ్చుకున్న కాగితం తనంతట తాను కొత్తదైపోతుందనుకోకండి. లైసెన్సు రెన్యువల్ చేయించినా, చిరునామా మార్చినా, యాప్‌లో పాత కాపీయే కనపడుతుంటుంది. దాని మీద రిఫ్రెష్ నొక్కాలి. తనిఖీలో 'గడువు అయిపోయింది' అనిపించుకునేవాళ్లలో కొందరి కథ ఇంతే.

నెట్ లేకపోతే యాప్‌ను నమ్ముకోలేం. వరదలో, తుఫానులో ముందు పోయేది కరెంటు, దాని వెనకే సిగ్నల్. అందుకని ఇష్యూడ్‌లో ఉన్నవాటిని పీడీఎఫ్‌లుగా దించి ఫోన్‌లో ఒక చోట, పెన్‌డ్రైవ్‌లో ఇంకో చోట ఉంచుకోవాలి. యాప్ తెరిచి చూపించాల్సిన చోట పీడీఎఫ్ చూపిస్తే ఒప్పుకోకపోవచ్చు, అయినా నంబర్లన్నీ చేతిలో ఉంటాయి, సగం పని నంబర్లతోనే జరుగుతుంది. కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఆధార్ ఫొటోలు పెట్టుకోవడం మాత్రం మానేయండి. అది దాచుకోవడం కాదు, పంచిపెట్టడం.

ఇక అసలు చిక్కు. ఇంట్లో ఎవరికైనా ఏదైనా అయినప్పుడు వెతికే కాగితాలేవి? ఇంటి దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు (అంతకు ముందు చేతులు మారినప్పటి పాత దస్తావేజులు), పట్టాదారు పాసుపుస్తకం, ఎల్ఐసీ బాండు, ఎఫ్‌డీ రసీదులు, బంగారం కుదువ పెట్టిన చీటీ, వీలునామా. వీటిలో చాలావాటికి డిజిలాకర్ అంటే ఉత్త ఫొటోల డబ్బా. ఈ పనికి అయిదుకు ఒకటిన్నర ఇస్తాం. ఆ ఒకటిన్నర కూడా ఎందుకంటే, ఫొటో ఉంటే నంబరు ఉన్నట్టే.

దస్తావేజు సంగతే చూడండి. అది తడిసినా, చిరిగినా, పోయినా భూమి పోదు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఒకటో పుస్తకంలో దాని నకలు ఉంటుంది, సర్టిఫైడ్ కాపీ ఇస్తారు. కానీ వాళ్లు అడిగేవి మూడు: డాక్యుమెంటు నంబరు, సంవత్సరం, ఏ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు. రిజిస్ట్రేషన్ ముద్రల్లో ఇవన్నీ ఉంటాయి, అవి చాలావరకు కాగితం వెనక వైపే వేస్తారు. ఫొటో తీసేవాళ్లు ముందు వైపు తీసి, వెనక వైపు వదిలేస్తారు. రెండు వైపులా ప్రతి పేజీ తీయండి, ప్లాను కాగితంతో సహా. ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందుదైతే ఆఫీసులో చేత్తో వెతికించాలి, నంబరు లేకుండా ఆ వెతుకులాట నెలలు పడుతుంది. ఒరిజినల్ పోయిందంటే పోలీసు ఫిర్యాదు, పేపర్లో ప్రకటన తప్పవు. అన్నీ చేసినా, అమ్మబోయినప్పుడు కొనేవాడు, లోనుకెళ్తే బ్యాంకు 'ఒరిజినల్ ఏది' అని మొహం చిట్లించక మానరు.

అందుకే డిజిలాకర్‌తో పాటు ఒక ప్లాస్టిక్ ఫైలూ కావాలి. స్టేషనరీ షాపులో ఎ4 కాకుండా ఎఫ్‌ఎస్ (ఫూల్‌స్కాప్) సైజు అడగండి. స్టాంపు పేపరు ఎ4 కన్నా పొడుగు, ఎ4 ఫైలులో పెట్టాలంటే మడవాల్సి వస్తుంది, పదేళ్లకు ఆ మడత మీదే చిరుగుతుంది. లోపలి కవర్లు మెత్తగా, ఘాటు వాసన వేసే రకం వద్దు. అవి పీవీసీవి, ఎండాకాలంలో జిరాక్సు సిరా వాటికి అంటుకుని అక్షరాలు కవరు మీదికొచ్చేస్తాయి. కాస్త మసకగా ఉండి, గరగరమనే పాలీప్రొపిలీన్ కవర్లు మేలు. దస్తావేజులు లామినేషన్ చేయించకండి, ముద్రలూ సంతకాలూ పరీక్షించడానికి వీల్లేకుండా పోతుంది, చేసినదాన్ని ఊడదీయడమూ కుదరదు. ఫైలు మొత్తాన్ని జిప్ ఉన్న వాటర్‌ప్రూఫ్ సంచిలో పెట్టి, బీరువా పై అరలో, ఇంట్లో అందరికీ చేయి అందే చోట ఉంచాలి. తడిసిపోయాక దొరికితే ఎండలో ఆరబెట్టకండి. పేజీలను విడదీయగలిగితే మధ్య మధ్య తెల్ల కాగితాలు పెట్టి నీడలో ఫ్యాను కింద ఆరనివ్వండి. అతుక్కుపోతే లాగొద్దు, కవర్లో పెట్టి డీప్ ఫ్రీజర్లో ఉంచితే రెండు రోజుల్లో పట్టే బూజు పట్టకుండా ఆగుతుంది, తీరిగ్గా చూసుకోవచ్చు.

బ్యాంకు లాకరే భద్రమనేవాళ్లకు ఒక మాట. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం నిప్పు, దొంగతనం, సిబ్బంది మోసం లాంటివాటికి బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే. వరద, భూకంపం, పిడుగు లాంటివాటికి మాత్రం బాధ్యత లేదు, బ్యాంకు నిర్లక్ష్యం ఉంటే తప్ప. నేలమాళిగలో లాకర్లున్న శాఖలో దస్తావేజు పెట్టేముందు ఇది గుర్తుంచుకోండి. లాకరు ఒక్కరి పేరున ఉంటే ఆ మనిషి పోయినప్పుడు అందులోని వీలునామా చేతికి రావడానికే కాగితాలు కావాల్సి వస్తుంది.

డిజిలాకర్‌లోనూ అదే ఇబ్బంది ఉండేది. 2025 ఏప్రిల్ నుంచి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఏర్పాటుతో డీమ్యాట్ (షేర్లు ఉంచుకునే ఖాతా), మ్యూచువల్ ఫండ్ల వివరాలు ఇందులోకి తెచ్చుకోవచ్చు, నామినీని పెట్టుకోవచ్చు, ఖాతాదారు పోయాక నామినీ వాటిని చూడగలరు. చూడటం వరకే, డబ్బు చేతికి రాదు. అది సులువుగా రావాలంటే ఫండు సంస్థ దగ్గరా నామినీ ఉండాలి. బ్యాంకు ఖాతాల్లో 2025 నవంబరు నుంచి నలుగురి దాకా నామినీలను రాయించవచ్చు. పెళ్లికి ముందు రాయించిన నామినీ ఇప్పటికీ అలాగే ఉండటం ఎన్ని ఇళ్లలో లేదు!

మనిషి బతికే ఉండి ఐసీయూలో ఉన్నప్పుడు నామినీ పనికిరాడు. అక్కడ పనికొచ్చేది ఒక్క కాగితం. అందులో ఉండాల్సినవి ఇవి: ఆరోగ్య బీమా పాలసీ నంబరు, బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే టీపీఏ ఫోన్ నంబరు (అత్యవసరంగా చేర్చిన కేసుల్లో సాధారణంగా 24 గంటల్లో కబురు చేయాలి), ఆరోగ్యశ్రీకి రేషన్ కార్డు నంబరు, రక్తం గ్రూపు, రోజూ వేసుకునే మందులు, పడని మందులు, బ్యాంకు శాఖల పేర్లు, ఏ కాగితం ఏ అరలో ఉందో. చేత్తో రాసి ఫైలులో అన్నిటికన్నా పైన పెట్టండి. పిన్నులు, పాస్‌వర్డులు అందులో రాయకండి. కింద తేదీ వేయండి, చూడగానే అది ఎప్పటి కాగితమో తెలియాలి.