లాంబ్-స్కార్గిల్ పీరియడోగ్రామ్: ఏళ్ల తరబడి వాడాక

నక్షత్రాల కాంతి కొలతలు ఎప్పుడూ అతుకుల బొంతే. పగలు కొలవలేం, మబ్బు పడితే ఆ రాత్రి పోయినట్టే. సిగ్నల్‌లోని ఫ్రీక్వెన్సీలను లెక్కగట్టే మామూలు ఎఫ్‌ఎఫ్‌టీకేమో కొలతలన్నీ సమాన వ్యవధిలో ఉండాలి. ఖాళీలను మనమే పూడ్చి ఇస్తే, లేని సిగ్నల్ కూడా పుట్టుకొస్తుంది. 1976లో లాంబ్, 1982లో స్కార్గిల్ రూపమిచ్చిన, కాంతి ఎంతకోసారి ఊగుతుందో వెతికే ఈ పద్ధతి ఉన్న కొలతలనే తీసుకుని, ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర సైన్ తరంగం ఎంత బాగా అమరుతుందో చూస్తుంది. నేను వాడేది పైథాన్‌లో ఉచితంగా దొరికే ఆస్ట్రోపై అనే ఖగోళ లైబ్రరీలోని వెర్షన్.

పనితనానికి వంక పెట్టలేను. ఒక్కో కొలతలో ఉన్న లోపమే సిగ్నల్ కన్నా పెద్దదైనా, పాయింట్లు తగినన్ని ఉంటే సైన్ తరంగం బాగా అమరిన ఫ్రీక్వెన్సీ దగ్గర పీక్ (శిఖరం) నిటారుగా లేచి నిలబడుతుంది. గ్రాఫ్‌ను (కాంతి కొలతలది) ఎంతసేపు చూసినా కంటికి ఆనని ఆవర్తనం అది! వేగం గురించి చెప్పేదేమీ లేదు, బాగానే ఉంది.

పేచీ అంతా ఆ పీక్‌ను నమ్మాలా వద్దా అన్న దగ్గరే. ఫాల్స్ అలారం ప్రాబబిలిటీ అని ఒక అంకె ఇస్తుంది. అది 0.001 వస్తే సిగ్నల్ 99.9 శాతం నిజమని చాలామంది అనుకుంటారు. కాదు. సిగ్నలేమీ లేని ఉత్త నాయిజ్‌లో కూడా ఇంత ఎత్తు పీక్ వచ్చే అవకాశం వెయ్యిలో ఒకటి అని మాత్రమే దాని అర్థం. అదీ నాయిజ్‌లో ఒక కొలతకూ మరో కొలతకూ సంబంధం లేనప్పుడే. నెమ్మదిగా ఊగే నాయిజ్ ఉంటే ఆ అంకెను పట్టించుకోకపోవడమే మేలు. సమయాలను అలాగే ఉంచి కొలతలను కలగాపులగం చేసి, మళ్లీ మళ్లీ నడిపి, ప్రతిసారీ వచ్చిన అతిపెద్ద పీక్‌తో పోల్చడం నాకు అలవాటు. అయితే ఒక్కో కొలతనూ విడిగా కలగాపులగం చేస్తే నాయిజ్ ఊగిసలాట కూడా చెరిగిపోతుంది కాబట్టి, అలాంటప్పుడు కొన్ని రాత్రుల కొలతలను ఒక్కో ముక్కగా ఉంచి ఆ ముక్కలనే తారుమారు చేయాలి.

ఇంకో చిక్కు, అసలు పీక్ పక్కన లేచే దొంగ పీకులు. ఒకే చోటి నుంచి రాత్రిపూట మాత్రమే కొలిస్తే రోజుకు 2.5 సార్లు ఊగే నక్షత్రానికి 1.5, 3.5 దగ్గర కూడా పీకులు వస్తాయి. నాయిజ్ ఎక్కువైతే దొంగదే పొడుగ్గా ఉండొచ్చు. అందుకే కొలతలన్నిటి స్థానంలో ఒకటి అనే అంకె పెట్టి, సగటు తీసేయకుండా ఒకసారి నడపండి. అప్పుడు వచ్చే పీకులు మీ టైమ్ టేబుల్‌వే, నక్షత్రానివి కావు. ఇది చాదస్తమేమీ కాదు. ఆల్ఫా సెంటారీ బి అనే నక్షత్రం చుట్టూ 3.24 రోజులకోసారి తిరిగే గ్రహం ఉందని 2012లో ప్రకటించారు. గ్రహమే లేని కృత్రిమ డేటాను అవే సమయాల్లో పెట్టి చూసినా అదే పీక్ వస్తోందని 2015లో మరో బృందం తేల్చింది.

కాంతి సాఫీగా ఊగే నక్షత్రాలకైతే కళ్లు మూసుకుని సిఫార్సు చేస్తాను. గ్రహం అడ్డొచ్చినప్పుడు కాసేపు మాత్రమే పడే సన్నటి గుంటలకు మాత్రం వద్దు. వాటి బలమంతా అసలు ఫ్రీక్వెన్సీకి రెండింతలు, మూడింతలుగా ఉండే హార్మోనిక్స్‌లోకి చెదిరిపోయి ఏ పీకూ గట్టిగా నిలవదు. వాటికోసం 2002లో వచ్చిన, అలాంటి పెట్టె ఆకారపు గుంటలనే వెతికే బాక్స్ లీస్ట్ స్క్వేర్స్ ఉంది. అదీ ఆస్ట్రోపైలోనే దొరుకుతుంది.