లంచం అడిగితే ఆర్టీఐ వేయాలా, విజిలెన్స్‌కి చెప్పాలా?

ఒడిశాలోని పర్లాకిమిడి వైపు మన తెలుగువాళ్లలో ఎప్పుడూ వచ్చే ప్రశ్నే ఇది. మ్యుటేషన్ (భూమి రికార్డులో పేరు మార్పు) ఫైలు కదలాలంటే డబ్బు అడుగుతున్నారు, ఏం చేయాలి? మన దేశం 2011లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి అవినీతి వ్యతిరేక ఒప్పందం 13వ అధికరణం ప్రజలకు సమాచారమూ అందాలి, ఫిర్యాదుకు దారీ ఉండాలి అంటుంది. మన చేతిలో ఉన్న రెండు దారులూ అవే: సమాచారానికి ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు; ఫిర్యాదుకు విజిలెన్స్, అంటే లంచగొండులను పట్టే ఒడిశా ప్రభుత్వ విభాగం.

ఖర్చు: ఆర్టీఐకి 10 రూపాయలు. విజిలెన్స్‌కి 1064, ఫోన్ ఉచితం.

శ్రమ: ఆర్టీఐలో మనకు అడ్డం భాషే. ఇంగ్లీషు, హిందీ, ఒడియాల్లోనే రాయాలి. మా పెద్దనాన్న ఒడియా గడగడా మాట్లాడతాడు, రాయమంటే మాత్రం పెన్ను పక్కన పెట్టేస్తాడు. అలాంటివాళ్లు నోటితో చెబితే రాతలో పెట్టడానికి సమాచార అధికారే సాయం చేయాలని 6వ సెక్షన్‌లో ఉంది, గట్టిగా అడగండి. జవాబుకి గడువు 30 రోజులు. విజిలెన్స్ ట్రాప్‌లో, అంటే లంచం తీసుకుంటుండగా పట్టుకోవడానికి పన్నే వలలో, నోట్లకు పొడి రాస్తారు, ఆ నోట్లు ముట్టుకున్నవాడి వేళ్లు సోడా ద్రావణంలో ముంచితే అది గులాబీ రంగుకి తిరుగుతుంది. తర్వాత సాక్ష్యానికి కోర్టు చుట్టూ ఏళ్ల తరబడి తిరగాల్సి రావచ్చు.

రిస్క్: అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణతో లంచం ఇవ్వడమూ నేరమే. బలవంతాన ఇస్తే 7 రోజుల్లో ఫిర్యాదు చేయాలి, ముందే విజిలెన్స్‌కి చెప్పి ఇస్తే ఆ టెన్షన్ లేదు.

ఫైలు ఊరికే మూలుగుతుంటే, ఎవరి టేబుల్ మీద ఎన్నాళ్లు ఉందో ఆర్టీఐలో అడగండి. ఫలానా రోజుకి ఇంత తెమ్మని నోరు తెరిచి అడిగారంటే మాత్రం నెల పోగొట్టుకోకుండా ఆ సాయంత్రమే 1064కి చేయండి.